ఖరీదైన వాద్యాలు ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు నమ్మకం, పేచీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఇంట్లో వాయించుకున్న వీణ, వయొలిన్, గిటార్, చర్చిలోనో ఆర్కెస్ట్రాలోనో తిరిగిన కీబోర్డు, ఆక్టాప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ము పలక) లాంటివి ఆన్‌లైన్‌లో పెట్టి అమ్ముకునేవారు అడిగే ప్రశ్నలివి. ముప్పై వేలు పైబడిన సరుకును దృష్టిలో పెట్టుకుని రాశాం. పిల్లలు నేర్చుకునే ఐదు వేల గిటారుకు ఇంత హంగామా అక్కర్లేదు.

ఎక్కువ గొడవలు దేని మీద వస్తాయి?

"కండిషన్ సూపర్" అన్న మాట మీద. మోసగాళ్ళ సంగతి కింద చెప్పాం గానీ, ఇద్దరూ మర్యాదస్తులే అయినా తగువు పడటం ఇక్కడ మామూలు. ఏళ్ళ తరబడి అదే వీణ మీద వాయించిన చేతికి ఏడో మెట్టు దగ్గర తీగ గరగరలాడటం అలవాటైపోతుంది. అది చెప్పాల్సిన విషయమని కూడా తోచదు. లక్ష పోసి కొన్నవారికి మొదటి రోజే ఆ చప్పుడు చెవిలో పడుతుంది. వస్తువు ఎలా ఉంది, ఎన్ని రోజుల్లో వాపసు అడగవచ్చు, దారిలో దెబ్బ తింటే ఎవరు భరించాలి అనే మూడు సంగతులూ డబ్బు కదలకముందే రాతలో తేల్చుకుంటే సగం పేచీలు పుట్టవు.

ప్రకటనలో ఏం రాయాలి? ఫొటోలు ఎన్ని పెట్టాలి?

ఫొటోలు పదిహేను ఇరవై పెట్టండి. అందులో అందమైనవి రెండు చాలు, మిగతావి లోపాలవి కావాలి. గీత పడ్డచోట పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీస్తే ఎంత పొడవో తెలుస్తుంది. పగటి వెలుగులో, ఫిల్టర్ లేకుండా తీయాలి. ఒక ఫొటోలో వస్తువు పక్కన ఆ రోజు తేదీ రాసిన కాగితం ఉండాలి. వస్తువు మీ దగ్గరే ఉందనడానికి కొనేవారికి దొరికే మొదటి ఆధారం అదే.

వీణకైతే: మెడ లాంటి దండి, గుండ్రటి కుండ ఒకే మొద్దులో తొలిచిన ఏకాండియా, అతుకుదా, 24 మెట్లకు మేళం (మైనంలో మెట్లు స్వరం సరిచూసి అమర్చడం) చివరిసారి ఎప్పుడు కట్టించారు, తీగలు బిగించే బిరడలు పట్టు నిలుస్తున్నాయా, జారుతున్నాయా, కుండ మీద పగుళ్ళు, పురుగు తొలిచిన సన్నటి రంధ్రాలు ఉన్నాయా, సొరకాయ బుర్ర అసలుదా, మార్చారా. నాలుగు వాయించే తీగల్నీ మూడు తాళం తీగల్నీ విడివిడిగా మీటి, తర్వాత ముఖ్యమైన మొదటి తీగ సారణి మీద ప్రతి మెట్టూ వాయిస్తూ ఒకే వీడియో తీయండి, మధ్యలో ఆపకండి. నేపథ్యంలో తంబురా యాప్ పెట్టకండి. శ్రుతి దోషాలు దాని చాటున దాక్కుంటాయి, కొనేవారు దాన్ని దాపరికమే అనుకుంటారు.

కీబోర్డుకైతే 61 కీలూ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూపించాలి. కీల కింది రబ్బరు కాంటాక్టులకు దుమ్ము పట్టినా, అరిగినా ఒక కీ గట్టిగా మోగడం, ఒకటి అసలు మోగకపోవడం జరుగుతుంది. పిచ్ బెండ్, డిస్‌ప్లే, రెండు అవుట్‌పుట్ జాక్‌లు, అడాప్టరు అసలుదో కాదో కూడా చెప్పాలి. ఈ ప్రాంతంలో మరో పెద్ద పేచీ టోన్లది. తబలా, డోలక్ శాంపిళ్ళు, స్టయిళ్ళు వేయించిన కీబోర్డులో అవి కూడా అమ్మకంలో ఉన్నాయా, లేక రీసెట్ చేసి ఇస్తారా అన్నది ముందే రాయండి. ఆ శాంపిళ్ళు డబ్బు పెట్టి కొన్నవైతే, ఇంకొకరికి ఇవ్వడానికి లైసెన్సు ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి. ఆరుబయట కార్యక్రమాల్లో వానకు తడిసి ఉంటే ఆ మాట దాచకండి. లోపల తుప్పు పట్టిన బోర్డు విప్పగానే బయటపడుతుంది.

"బొబ్బిలి వీణ" అని రాసుకోవచ్చా?

బొబ్బిలిదైతేనే. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి చేస్తారు. మన పక్కన నూజివీడు వీణలకూ మంచి పేరుంది, తంజావూరువి వేరు. ఎక్కడిదో తెలియకపోతే "పనస వీణ" అని రాసి ఊరుకోవడం మేలు. ఊరి పేరు రాసి ధర పెంచాక అది తప్పని తేలితే, వర్ణనకు సరిపోని వస్తువు అమ్మినట్టవుతుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం కొన్నవారు దాన్ని తిరస్కరించవచ్చు.

ఏకాండి అని రాసేముందు దండి కుండతో కలిసే చోట టార్చి వేసి అన్ని వైపులా చూడండి. రంగు, నక్షీ పట్టీ కింద అతుకు గీత దాగి ఉండవచ్చు. చెక్క చార దండి నుంచి కుండలోకి తెగకుండా సాగాలి. ఇంకో మాట: బహుమతులకు ఇచ్చే చిన్న బొబ్బిలి వీణలు అలంకార వస్తువులు. వాటిని ఫొటోలో కొలత తెలియకుండా పెట్టి అమ్మేవారున్నారు, కాబట్టి పొడవు అంగుళాల్లో రాయండి.

మా దగ్గరున్న గిటార్, వయొలిన్ అసలువో కావో మాకే తెలియదు. ఎలా అమ్మాలి?

తెలియదనే రాసి, ఆ ధరకే అమ్మాలి. "నాకు అసలుదనే ఇచ్చారు" అన్న మాట మిమ్మల్ని కాపాడదు.

గిబ్సన్ గిటారుకు తల వెనక సీరియల్ నంబరు చెక్కలోకి నొక్కి ఉంటుంది. 1977 నుంచి 2005 దాకా వాడిన ఎనిమిది అంకెల పద్ధతిలో మొదటి అంకె, ఐదో అంకె కలిపితే సంవత్సరం వస్తుంది, మధ్యలోని మూడూ ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి. 70108276 అంటే 1978లో పదో రోజు. తల ముందు ట్రస్ రాడ్ (మెడ లోపలి ఇనుప కడ్డీ) మూతకు అసలు గిబ్సన్‌లో రెండు స్క్రూలుంటాయి, నకిలీల్లో తరచుగా మూడు కనిపిస్తాయి. నంబరు సరిపోయినంత మాత్రాన నమ్మకండి, నకిలీ చేసేవాళ్ళు నిజమైన నంబర్లే కాపీ కొడతారు.

వయొలిన్ లోపల "స్ట్రాడివేరియస్" అని లేబుల్ ఉంటే ఉత్సాహపడొద్దు. స్ట్రాడివరి 1737లో పోయాడు. ఆయన నమూనాలో చేసిన కార్ఖానా వయొలిన్లకు ఆ లేబుల్ అతికించడం పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నదే. లేబుల్ మీద ఇంగ్లీషులో దేశం పేరు కూడా ఉంటే అది దాదాపుగా 1891 తర్వాతిదే. దిగుమతి సరుకుపై దేశం పేరు ఉండాలన్న అమెరికా చట్టం అమల్లోకి వచ్చింది అప్పుడే. ఇంటి పెద్దలు చెప్పిన కథను ధరలో కలపకండి.

దంతపు పని ఉన్న పాత వీణ అమ్మవచ్చా?

వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఏనుగు దంతం అమ్మకం నేరం. తాతల నాటిదైనా, ముక్క చిన్నదైనా అంతే. ముందు అటవీ శాఖ అధికారులను అడగండి, అప్పటిదాకా ప్రకటన పెట్టకండి. ఉడుము చర్మం మూసిన పాత కంజిరలకు, జింక కొమ్ము వాడిన వాద్య భాగాలకు కూడా ఇదే మాట. ఎవరైనా "రక్తచందనం వాద్యం" అని అమ్మజూపితే, అటవీ శాఖ అనుమతి పత్రాలు చూపేదాకా దాని జోలికి పోకండి.

రాతకోతలు ఎలా ఉండాలి? స్టాంపు కాగితం కావాలా?

అక్కర్లేదు. వాట్సాప్‌లో ఒకరు పంపి, రెండోవారు "ఒప్పుకుంటున్నాను" అని జవాబిచ్చినా ఒప్పందమే. ఇలా రాస్తే సరిపోతుంది:

"ఫలానా మోడల్, సీరియల్ నంబరు ఫలానా, కేసు, అడాప్టరుతో సహా రూ. ____కు అమ్ముతున్నాను. ఇది నా సొంతం, దీని మీద ఈఎంఐ గానీ మరొకరి హక్కు గానీ లేదు. తెలిసిన లోపాలు: ____. అందిన 48 గంటల్లోపు ఇక్కడ రాయని లోపం వీడియోతో చూపిస్తే వస్తువు వెనక్కి తీసుకుని, అది చేరిన రోజే పూర్తి సొమ్ము ఇస్తాను. తిరుగు రవాణా ఖర్చు నాది. నచ్చలేదని వెనక్కి పంపితే ఖర్చు కొన్నవారిది. రవాణాలో నష్టం జరిగితే బాధ్యత ____ది."

ఆ చివరి ఖాళీ చాలామంది వదిలేస్తారు. కొనేవారికి పంపమని రవాణాదారుకు అప్పగిస్తే, మాట వేరేగా లేనప్పుడు, చట్టం దృష్టిలో అది మొదటగా కొన్నవారికి అప్పగించినట్టే. అయితే విలువ చెప్పి సరిగా బుక్ చేయకుండా అమ్మినవారు చౌకగా పంపేస్తే, కొన్నవారు ఆ నష్టాన్ని తిరిగి వాళ్ళ మీదే వేయవచ్చు. మా సలహా: భీమా చేయించి, చేరేవరకూ బాధ్యత అమ్మేవారే తీసుకోండి, ఆ ఖర్చు ధరలో కలపండి. బేరం కూడా తొందరగా తెగుతుంది.

బయానా ఎంత తీసుకోవచ్చు?

ఐదు నుంచి పది శాతం. ఎన్ని రోజులు ఆపి ఉంచుతారు, కొనకపోతే ఎంత వెనక్కి ఇస్తారు అన్నది రాయండి. సగం ధర బయానాగా తీసుకుని, బేరం తప్పితే మొత్తం నొక్కేస్తామంటే చట్టం ముందు నిలవదు.

డబ్బు ఎలా తీసుకోవాలి?

రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవద్దు. 2017 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టం దాన్ని నిషేధించింది, తీసుకున్నంత సొమ్మూ జరిమానాగా పోవచ్చు. రెండు లక్షల నుంచి ఆర్‌టీజీఎస్ (పెద్ద మొత్తాల బ్యాంకు బదిలీ) చేయించుకోవచ్చు, 2020 డిసెంబరు నుంచి అది ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది. చిన్న మొత్తాలకు యూపీఐ.

స్క్రీన్‌షాట్‌ను నమ్మకండి, వచ్చిన ఎస్సెమ్మెస్‌నూ నమ్మకండి. మీ బ్యాంకు యాప్ తెరిచి నిల్వ చూసుకున్నాకే వాద్యం చేతికివ్వండి. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు, క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పనీ లేదు. ఎవరైనా "మీ ఖాతాలో వేస్తున్నా, ఇది స్కాన్ చేయండి అన్నా" అంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. వస్తువు చూడకుండానే, బేరమాడకుండానే, "ఆర్మీలో ఉన్నాను, మా వాళ్ళు లారీ పంపుతారు" అంటూ గుర్తింపు కార్డు ఫొటో పంపేవాళ్ళదీ ఇదే బాపతు. లక్ష రూపాయల వీణ కొనేవాడు దాని శ్రుతి ఎంతని కూడా అడగకపోతే అనుమానించాలి.

చెక్కు ఇస్తే సొమ్ము ఖాతాలో పడేదాకా వస్తువు ఇవ్వకండి. బౌన్స్ అయితే, ఆ మెమో అందిన 30 రోజుల్లోపు లిఖిత నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజుల్లో చెల్లించకపోతే, అక్కడి నుంచి నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి.

కొనేది ఒకరు, డబ్బు వేసేది ఇంకొకరు. తీసుకోవచ్చా?

ఇది తేలిగ్గా తీసుకోవద్దు. వేరొకరిని మోసం చేసి రాబట్టిన సొమ్మును మీ ఖాతాలోకి మళ్ళించి వాద్యం పట్టుకుపోతారు. అసలు బాధితులు ఫిర్యాదు చేయగానే ఆ మొత్తం, ఒక్కోసారి ఖాతా మొత్తం, స్తంభించిపోతుంది. అందుకే మాట్లాడినవారి పేరు, గుర్తింపు కార్డు మీది పేరు, డబ్బు వచ్చిన ఖాతా పేరు మూడూ ఒకటే కావాలి. నాన్నగారి ఖాతా నుంచి వేస్తామంటే ఆ నాన్నగారితోనే మాట్లాడి ఒప్పందంలో ఆయన పేరూ చేర్చండి. ఖాతా నిలిపేసిన సందర్భం వస్తే ప్రకటన, చాట్, ఒప్పందం, అప్పగించినప్పటి ఫొటో పట్టుకుని ముందు బ్యాంకుకు, వాళ్ళు చెప్పిన పోలీస్ స్టేషనుకు వెళ్ళాలి. వస్తువు నిజంగా అమ్మినట్టు చూపే కాగితాలే అప్పుడు పనికొచ్చేవి.

ఎక్కడ కలవాలి?

బ్యాంకు శాఖలో, పని గంటల్లో. వాయించి చూడాలంటే తెలిసిన సంగీతం మాస్టారి ఇల్లో, వాద్యాల దుకాణమో మంచిది. విజయవాడ, గుంటూరు మధ్య గంట ప్రయాణమే, అంత దగ్గరివారికి పార్సిల్ చేయడం అనవసరపు తలనొప్పి.

వీణను ఎలా ప్యాక్ చేయాలి? ఎండాకాలంలో పంపవచ్చా?

ఏప్రిల్, మే నెలల్లో పంపకపోతేనే మంచిది. మెట్లను పట్టి ఉంచేది మైనం, బొగ్గుపొడి కలిపిన ముద్ద. స్వచ్ఛమైన తేనెమైనం 62 డిగ్రీలు దాటాక కరుగుతుంది గానీ, మెత్తబడటం చాలా ముందే మొదలవుతుంది. బెజవాడ ఎండలో మూసి ఉన్న వ్యాను లోపల మైనం మెత్తబడేంత వేడి తేలిగ్గా చేరుతుంది. తీగల ఒత్తిడికి మెత్తబడ్డ మైనంలో మెట్టు ఒక వెంట్రుక మందం కదిలినా స్వరం తప్పుతుంది. చేరాక "శ్రుతి నిలవడం లేదు" అన్న ఫిర్యాదుకు మూలం సాధారణంగా ఇదే, అందులో ఎవరి మోసమూ ఉండదు. తప్పదనుకుంటే రాత్రి బస్సులో, మనిషి తోడుగా పంపాలి.

తీగలన్నీ రెండు మూడు స్వరాలు దించండి, పూర్తిగా వదులు చేస్తే గుర్రం (కుండ మీద తీగల్ని మోసే వంతెన) జారిపోతుంది. గుర్రం కింద మెత్తటి గుడ్డ కూరి, నాడాతో కుండకు కట్టండి. సొరకాయ బుర్ర స్క్రూ విప్పి వేరే పెట్టెలో పెట్టండి, ఎక్కువగా పగిలేది అదే. మెట్ల మీద పలుచని నూలు గుడ్డ పరిచి, పైన నురుగు షీటు చుట్టండి. మైనానికి ప్లాస్టిక్ నేరుగా తగిలితే వేడికి అంటుకుపోతుంది. యాళి తలకు, బిరడలకు విడిగా మెత్తలు. లోపలి పెట్టెకూ బయటి చెక్కపెట్టెకూ మధ్య అన్ని వైపులా కనీసం రెండు అంగుళాల నురుగు ఉండాలి. పెట్టె ఊపితే లోపల ఏదీ కదలకూడదు.

వయొలిన్ తీగలు కూడా పూర్తిగా వదలొద్దు, లోపల నిలబెట్టిన చిన్న చెక్కపుల్ల, సౌండ్‌పోస్ట్, పడిపోతుంది. కమాను వెంట్రుకలు మాత్రం వదులు చేయాలి. గిటారుకు తల వెనక, మెడ కింద మెత్తలు తప్పనిసరి. గిబ్సన్ లాంటి వెనక్కి వాలిన తల ఉన్న గిటార్లు కేసుతో సహా కింద పడినా మెడ దగ్గర విరగవచ్చు.

రవాణాలో విరిగితే ఎంత వస్తుంది?

విలువ ప్రకటించకపోతే దాదాపు ఏమీ రాదు. రోడ్డు రవాణాదారు బాధ్యత 2007 నాటి చట్టం, దాని నిబంధనల కింద చెల్లించిన కిరాయికి పది రెట్లకు పరిమితం. ఎనిమిది వందల కిరాయికి లక్ష వీణ పంపితే లెక్క ఎనిమిది వేలు. అందుకే బుకింగ్ కాగితం మీద అసలు విలువ రాయించి, అదనపు ఛార్జీ కట్టండి. భీమా తీసుకుంటే సంగీత వాద్యాలు, పెళుసు వస్తువులు మినహాయింపుల్లో ఉన్నాయేమో ముందు చదవండి.

ప్యాకింగ్ మొదటి నుంచి టేపు అంటించి బరువు తూచేదాకా ఒకే వీడియో తీయండి. అందుకునేవారు కూడా సీలు కోయకముందు నుంచే వీడియో తీయాలి. పెట్టె నలిగి ఉంటే డెలివరీ కాగితం మీద "నలిగిన స్థితిలో అందింది" అని రాసి సంతకం చేయాలి, ఊరికే సంతకం చేస్తే కేసు అక్కడే బలహీనపడుతుంది. రవాణాదారు మీద దావా వేయాలంటే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు ఇచ్చి ఉండాలి.

వెనక్కి పంపింది మా వస్తువు కాదు, మార్చేశారు. ఇప్పుడెలా?

పంపకముందే జాగ్రత్త పడాల్సిన విషయమిది. సీరియల్ నంబరు, చెక్క చారలు, లోపలి స్క్రూల ఫొటోలు దగ్గరగా తీసి పెట్టుకోండి. చెక్క చారలు వేలిముద్ర లాంటివి, రెండు వాద్యాలకు ఒకేలా ఉండవు. కీబోర్డుల్లో బోర్డు, ఆక్టాప్యాడ్‌ల్లో సెన్సార్లు మార్చి పంపుతారు. అడుగు స్క్రూల మీద తేదీ వేసిన చిన్న స్టిక్కరు అంటించి, "ఇది చిరిగితే వాపసు లేదు" అని ఒప్పందంలో రాయండి. వచ్చిన పెట్టె సాక్షి ముందు, వీడియోలో విప్పాలి.

కొన్న నెల తర్వాత లోపం చెబుతున్నారు. డబ్బు ఇవ్వాలా?

గడువు దాటితే సాధారణంగా ఇవ్వక్కర్లేదు, మీకు తెలిసి దాచిన లోపమైతే గడువు మిమ్మల్ని కాపాడదు. ఏదైనా ఇద్దరికీ సంబంధం లేని వాద్యాల మేస్త్రీకి చూపించడం తిన్నని దారి. మేళం మళ్ళీ కట్టిస్తే సరిపోయే పనికి లక్ష వాపసు అడగడం అన్యాయం, పాత పగులుకు రంగు పూసి "ఎండకు అయింది" అనడమూ అంతే. మరమ్మతు ఖర్చు చెరి సగం అన్న చోట చాలా తగువులు తెగుతాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు కొంటామంటున్నారు. పంపవచ్చా?

పంపవచ్చు, చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వందేళ్ళు దాటిన వాద్యం పురావస్తువు కిందికి రావచ్చు, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. పాతదిలా కనిపిస్తే పురావస్తు శాఖ నుంచి "పురావస్తువు కాదు" అన్న పత్రం తెచ్చుకోండి. పనస వీణకు కలప ఇబ్బంది లేదు. రోజ్‌వుడ్ గిటార్ల మీద 2017లో వచ్చిన అంతర్జాతీయ ఆంక్షల నుంచి తయారైన వాద్యాలకు 2019 నవంబరులో సడలింపు ఇచ్చారు, బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం లేదు. పేపాల్‌లో వచ్చిన సొమ్ము మీద కొన్నవారు 180 రోజుల దాకా పేచీ పెట్టవచ్చు. అందుకని నేరుగా బ్యాంకు బదిలీ మేలు. పొరపాటున ఎక్కువ పంపాం, తేడా వెనక్కి పంపండి అని ఎవరైనా అంటే ఒక్క రూపాయీ పంపకండి.

మోసపోయాక ఎక్కడికి వెళ్ళాలి?

డబ్బు పోయిన గంటల్లోపే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సొమ్ము ఇంకో ఖాతాకు మారేలోపు ఆపగలిగేది ఆ ఫోనే. తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు. పోలీసులు "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, ఏ స్టేషనులోనైనా రాయాలి.

దుకాణం లేదా వ్యాపారి దగ్గర కొన్నదైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు, గడువు రెండేళ్ళు. ఆన్‌లైన్ వేదిక ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో తేల్చాలి. అయితే మీలాంటి ఒక గృహస్థు తన పాత వాద్యం అమ్మితే అది వినియోగదారుల కేసు కాదు, సివిల్ కోర్టు వ్యవహారం, గడువు మూడేళ్ళు. దానికంటే ముందు లోక్ అదాలత్ ప్రయత్నించండి. కోర్టు ఫీజు లేదు, రాజీ కుదిరితే అది డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు.

వాట్సాప్ చాట్ సాక్ష్యంగా చెల్లుతుందా?

చెల్లుతుంది, సరిగా దాచుకుంటే. స్క్రీన్‌షాట్లు ఒక్కటే చాలవు. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌లో పెట్టుకోండి, ప్రకటన పేజీని లింకుతో సహా సేవ్ చేయండి. కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. వకీలు రాసిపెట్టినా, సంతకాలు ఆ ఫోను వాడినవారివీ ఒక నిపుణుడివీ ఉండాలి. తగువు తేలేదాకా ఆ ఫోను అమ్మకండి, ఫార్మాట్ చేయకండి, చాట్‌లో ఒక్క సందేశం కూడా తీసేయకండి.